పైన డ్రమ్ము, కింద సంపు

ఈ కథ మీలో కొంతమంది నా నోటే విన్నారు. ట్రైనింగ్ రోజుల్లో, భోజనాలయ్యాక అందరికీ కునుకు పట్టే వేళకి చెప్పేవాణ్ణి. ఒక ఊళ్ళో పొద్దున్నే కుళాయి నీళ్ళు ఘాటుగా వాసనొస్తున్నాయి, ఎవరికీ కారణం అంతుపట్టలేదు, మీ సీనియర్ ఇంజనీరు, అంటే నేనే, ఒక ఉదయం వెళ్ళి, ఒక్క చూపు చూసి, పిడికిట్లో పట్టే వాల్వు బిగించి సమస్య తీర్చేశాడు. మీరు నవ్వారు, నోట్సు రాసుకున్నారు, టీ తాగారు. ఆ కథలో అబద్ధమంటూ ఏమీ లేదు. కాకపోతే అందులో ఒక మనిషి ఉండాలి. ఆయన్ని నేను తీసేశాను. కథ కుదురుగా వస్తుందని.

ఇప్పుడు ఉద్యోగం లేదు. యాభై దాటాక తప్పుకున్నాను. నడుం ఒప్పుకోవడం లేదని అందరికీ చెప్పాను. ఉద్యోగం పోయాక నిజం చెప్పడం చాలా సులువు, కాబట్టి నన్ను ధైర్యవంతుడి కింద జమ కట్టకండి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు పంపు సంగతి. మామూలు పంపు పని తోడటం. ఎంత తోడావని దాన్నెవరూ అడగరు. మీటరింగ్ పంపు, మన భాషలో డోసింగ్ పంపు, కొలిచి పోస్తుంది. లోపల రబ్బరు పొర ఒకటుంటుంది. అది వెనక్కి వెళ్తే ఒక గుటక మందు లోపలికొస్తుంది, ముందుకు వస్తే ఆ గుటక బయటికి పోతుంది. గుటక ఎంతుండాలో చెప్పే నాబ్ ఒకటి, నిమిషానికి ఎన్ని గుటకలో చెప్పే నాబ్ ఒకటి. కింద ఒక గోళీ, పైన ఒక గోళీ వాల్వుల్లా కూర్చుని, పోయిన మందు వెనక్కి రాకుండా కాపలా కాస్తాయి. మందు కొద్దిగా పడాలి, ఎప్పుడూ అంతే పడాలి, తేడా వస్తే ఎవరికో నష్టం అన్నచోట ఈ పంపు వాడాలి. రైసుమిల్లు బాయిలర్‌కి, వాటర్ ప్లాంటుకి, ఊరి నీటి పథకంలో క్లోరిన్ కలపడానికి. డ్రమ్ములు ఖాళీ చెయ్యడానికి, ట్యాంకులు నింపడానికి వాడకూడదు. ఇది పుస్తకంలో ఉన్న నియమం. విజయవాడ పటమటలో మా ఆఫీసు నియమం ఇంతకంటే చిన్నది. అడిగినవాడికి అమ్మాలి, అడగనివాడికి అవసరం పుట్టించి అమ్మాలి.

పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. ఆ గోళీలు మందుని వెనక్కి రానివ్వవు గాని ముందుకు పోతుంటే ఆపవు. డ్రమ్ము ఎత్తులో ఉండి, మందు పడేచోటు పల్లంలో ఉండి, అక్కడ ఎదురు ఒత్తిడేమీ లేకపోతే, పంపు ఆపేసి ఉన్నా మందు దాని కడుపులోంచి తనంతట తానే జారిపోతూ ఉంటుంది. అందుకని దారిలో స్ప్రింగున్న వాల్వు ఒకటి పెడతాం. పంపు గట్టిగా తోస్తే తప్ప అది తెరుచుకోదు. దాన్ని బ్యాక్ ప్రెషర్ వాల్వు అంటారు. ఈ సంగతంతా నాకు తెలుసు. తెలియక చేసిన పనైతే ఇంత రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఆ ఊరు కూచిపూడి దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. మగ్గాల ఊరు. పాత నీటి పథకాన్ని బాగుచేసి, బ్లీచింగు పౌడరు చేత్తో కలిపే పద్ధతి మాన్పించి, డోసింగ్ పంపు పెట్టమన్నారు. నేను గీసిన బొమ్మ ప్రకారం డ్రమ్ము, పంపు నేల మీద ఉండాలి. మందు మోటారు తర్వాత, ఒత్తిడి ఉండే పెద్ద పైపులో పడాలి. బొమ్మలో అన్నీ బాగానే ఉన్నాయి.

ప్రారంభోత్సవం నాడు పొద్దున ట్రయల్ వేస్తే ఆ పైపు దగ్గర బిగించిన ఫిట్టింగు కారింది. అతిథులు బయల్దేరారని ఫోనొచ్చింది. సరే, ప్రస్తుతానికి గొట్టాన్ని సంపులో వేలాడేద్దాం అనుకున్నాను. శుద్ధి చేసిన నీళ్ళు ముందు ఆ తొట్టిలోకే చేరతాయి, అక్కణ్ణుంచే మోటారు తోడుతుంది. మందు ఎక్కడ కలిస్తేనేం అనుకున్నాను. ఇంతలో సర్పంచి గారొచ్చి, కొబ్బరికాయ కొట్టే చోట ఈ క్లోరిన్ కంపేమిటండీ, వచ్చినవాళ్ళు తుమ్ముతూ ఫొటోలో పడతారు అన్నారు. న్యాయమైన మాటే. నలుగురం పట్టి డ్రమ్మునీ పంపునీ మెట్ల మీదుగా పంపుహౌసు శ్లాబు మీదికి ఎక్కించాం. పైన రేకు కప్పాం. గొట్టం పొడుగు చాలకపోతే అతుకు వేశాను. ఆ అతుకు వేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఫొటోలు బాగా వచ్చాయి. ఎవరూ తుమ్మలేదు.

మన వృత్తిలో ‘ప్రస్తుతానికి’ పెట్టినవే ఎక్కువ కాలం ఉంటాయి. ఫిట్టింగు మార్చడానికి వస్తానన్నాను. వెళ్ళలేదు. పంపు టిక్కుటిక్కుమంటోంది, లైటు వెలుగుతోంది, ఫిర్యాదు లేదు. ఇంకేం కావాలి?

ఫిర్యాదు ఎందుకు లేదో తర్వాత అర్థమైంది. ఆ ఊళ్ళో ఎవరూ కుళాయి నీళ్ళు తాగరు. డెల్టాలో మిగతా అందరిలాగే క్యాన్ నీళ్ళు కొనుక్కుంటారు. అంత జాగ్రత్తగా, అంత ఖరీదైన యంత్రంతో, పుస్తకం చూసి శుద్ధి చేసిన నీళ్ళతో అంట్లు తోముకుంటారు, గేదెల్ని కడుగుతారు. వాసనొస్తోందని ఒకరిద్దరు పంపుహౌసు ఆపరేటరుతో అంటే, అతను నాకు ఫోన్ చేశాడు. వాసనొస్తోందంటే మందు పనిచేస్తోందని చెప్పాను. మరో రోజు ఫోన్ చేసి, డ్రమ్ము అనుకున్నదానికంటే తొందరగా అయిపోతోందన్నాడు. పంపు నాబ్ కాస్త తగ్గించమన్నాను. రాత్రిళ్ళు మోటారు, పంపు రెండూ ఆపేసి అతను ఇంటికి పోయాక, పైనున్న డ్రమ్ములోంచి కిందున్న సంపులోకి మందు సన్నగా జారుతూనే ఉంది. నేను మాత్రం పగటి మోతాదు తగ్గించాను. దాంతో పగటి నీళ్ళు పుస్తకంలో చెప్పినంత బాగా తయారయ్యాయి. రాత్రి మందంతా తాగి కూర్చున్న సంపు నీళ్ళు, పొద్దున్న మోటారు వెయ్యగానే ముందుగా ట్యాంకెక్కి, పంపుహౌసు పక్క వీధికే మొదట వెళ్ళేవి.

ఆ వీధిలో నూలుకి రంగులు వేసే ఆయన ఉండేవాడు. ఊళ్ళో చీరల షావుకారు ఇచ్చే నూలుకి రంగులద్ది ఇవ్వడం ఆయన పని. సాయంత్రం రంగు తొట్లలో ముంచి, ఆరబెట్టి, తెల్లవారాక కుళాయి మంచి ధాటిగా వచ్చే వేళ జాడించి, ఎండెక్కేలోగా దండేల మీద వేసేవాడు. ఒకప్పుడు బావి నీళ్ళు వాడేవాడట. బావి ఉప్పెక్కింది. కాలవ నీళ్ళు బురద. కొత్త పథకం వచ్చిందని అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆయనే అని తర్వాత విన్నాను. ఊళ్ళో మా నీళ్ళతో నిజంగా పనిపడ్డ ఒకే ఒక్క మనిషి ఆయన.

నెమలికంఠం రంగులో ఆయన చెయ్యి పెట్టింది పేరు. ముందు చెడింది ఆ రంగే. ఒక చిలపకీ, అంటే నూలు చుట్టకీ, ఇంకో చిలపకీ రంగులో పోలిక లేదు. నేశాక చీరలో అడ్డంగా చారలు. చీరలు విజయవాడ టోకు కొట్లనుంచి తిరిగొచ్చాయి. షావుకారు మొదటిసారి ఊరుకున్నాడు, రెండోసారి అడిగాడు, మూడోసారి నాసిరకం రంగు వాడుతున్నావన్నాడు. ఆయన తన రంగులో తేడా లేదు, నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి అన్నాడు. నా దగ్గరికి కబురొచ్చింది.

మోటార్ సైకిలు మీద బయల్దేరి, దారిలో ఇడ్లీ తిని, పదకొండు ప్రాంతంలో చేరాను. మనలాంటి వాళ్ళు ఏ ఊరికైనా పదకొండింటికే చేరతాం. ఆ వేళకి పాపం సంపు నీళ్ళు కూడా శుభ్రంగా తయారై కూర్చుని ఉంటాయి. పంపుహౌసు ముందు పాతికమంది దాకా పోగయ్యారు. షావుకారు కారు దిగి చెట్టు నీడన నిలబడ్డాడు. రంగుల ఆయన, ఆయన భార్య కుళాయి పక్కన ఉన్నారు. ఆయన చేతులు మోచేతుల దాకా నీలం.

గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, టెస్టు మందు చుక్కలు వేశాను. లేత పసుపు వచ్చింది. ఎంత రావాలో అంతే. గొట్టాన్ని ఎండకెత్తి అందరికీ చూపించాను. క్లోరిన్ అంటే ఏమిటి, డోసింగ్ పంపు ఎంత కచ్చితమైనది, అది ఏ దేశం టెక్నాలజీ, అన్నీ చెప్పాను. అక్కడితో ఆపేస్తే సగం తప్పుతో పోయేది. జనం వింటున్నారు కదా అని ఇంకో ముక్క కలిపాను.

“నీళ్ళలో లోపం లేదండీ. లోపం ఎక్కడుందో తొట్లలో వెతుక్కోవాలి.”

కొందరు నవ్వారు. నాకు నచ్చింది. షావుకారు నవ్వలేదు. తల ఊపి కారెక్కాడు. రంగుల ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. “ఆ సీసా మా తొట్లో కూడా ముంచి చూడండి బాబూ, ఇంత దూరం వచ్చారుగా” అంది. మా సీసా నీళ్ళకే గాని రంగులకు పనిచెయ్యదమ్మా అన్నాను. ఆయన ఆమెని చెయ్యెత్తి వారించి, నా దగ్గరికొచ్చి, “అయితే నీళ్ళు మంచివేనంటారు” అన్నాడు. ఔనన్నాను. ఆయన దణ్ణం పెట్టాడు. నాతో వాదిస్తాడనుకున్నాను. నా మాట నమ్మాడు. అదే వచ్చిన చిక్కు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆపరేటరు అప్పుడప్పుడు ఫోన్లో చెప్పేవాడు, ఊరి కబుర్ల కింద. ఆయన ఉన్న రంగులన్నీ పారబోసి కొత్తవి తెచ్చాడట. ఉడకబెట్టే పద్ధతి మార్చాడట. కళ్ళు పరీక్ష చేయించుకున్నాడట. ఏం చేసినా నెమలికంఠం నిలవలేదు. షావుకారు నూలు వేరే ఊరికి పంపడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ మానేశారు. నేను “అయ్యో పాపం” అని, డ్రమ్ములో మందు ఎంతుందో అడిగి పెట్టేసేవాణ్ణి.

కొన్నాళ్ళకి కూచిపూడిలో మా చెల్లెలి కూతురి నాట్య ప్రదర్శన అయింది. అక్కడే పడుకుని, తెల్లవారాక తిరిగి వస్తూ, ఆపరేటరు దగ్గర కాఫీ దొరుకుతుందని ఆ ఊరి వైపు బండి తిప్పాను. సర్వీసు కోసం వెళ్ళానని ట్రైనింగులో మీకు చెప్పేవాణ్ణి కదా. కాఫీ కోసం. అతనింకా రాలేదు. తలుపు తాళం చెవి ఎక్కడ పెడతాడో నాకు తెలుసు. లోపలికెళ్ళాను. మోటారు ఆపేసి ఉంది. పైనున్న పంపు స్విచ్చీ ఆపేసి ఉంది. టిక్కుటిక్కు లేదు. ఆ నిశ్శబ్దంలో సంపులోంచి సన్నగా నీళ్ళ చప్పుడు వినబడింది. మూత తీసి చూస్తే, గొట్టం చివర్నుంచి దారంలాగా మందు పడుతోంది. కళ్ళు మండేటంత ఘాటు.

ఎంతసేపు చూశానో తెలియదు. ముందు గొట్టం గురించి ఆలోచించాను, తర్వాత ఆ అతుకు గురించి, ఆ తర్వాత నీలం చేతుల గురించి. ఆ వరసలోనే.

బ్యాగులో వాల్వుంది. బిగించాను. దారం ఆగింది. ఆపరేటరొచ్చాక చిన్న సర్వీసు చేశానని చెప్పి, కాఫీ తాగి, విజయవాడ వచ్చి మా ఓనరుతో మాత్రం అంతా చెప్పాను. ఆయన మంచివాడే. కుర్చీ వేయించి, సోడా తెప్పించి, శాంతంగా చెప్పాడు.

“వాల్వు బిగించావుగా? సమస్య పోయిందిగా? పోయిన సమస్య గురించి ఎవరైనా మాట్లాడతారటయ్యా?”

ఆయన వద్దన్నాడు కాబట్టి నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పమన్నా చెప్పేవాణ్ణి కాను. ఆయన ఆ బరువు తనమీద వేసుకోవడం నా అదృష్టం. ఆ సంవత్సరం నన్ను ట్రైనింగులకి కూడా పెట్టారు. బ్యాక్ ప్రెషర్ వాల్వు ఎందుకు పెట్టాలో చెప్పడానికి నాకంటే మంచి ఉదాహరణ ఎవరి దగ్గరా లేదు మరి.

చివరి బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. నేను కథ ముగించి, నవ్వులు అయ్యాక, చెయ్యెత్తి, “అన్నాళ్ళూ ఆ పొద్దుటి నీళ్ళు ఎవరు వాడారండీ?” అంది. ఎవరూ తాగరమ్మా, అందరూ క్యానే అన్నాను. క్లాసు మళ్ళీ నవ్వింది. ఆ అమ్మాయి నవ్వకుండా, వాడినవాళ్ళ గురించే అడిగానండీ అంది. టీ టైమయిందన్నాను.

ఉద్యోగం మానేశాక ఒక రోజు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. రంగుల ఆయన ఇంట్లో తొట్లు లేవు. ఊరి చివర వాటర్ ప్లాంటులో క్యాన్లు నింపే పనిలో ఉన్నాడు. అక్కడ మూలన మా ఆఫీసు అమ్మిన డోసింగ్ పంపు టిక్కుటిక్కుమంటోంది. మా సేల్స్‌వాళ్ళు దేన్నీ వదలరు. ఆయన చేతులు మామూలు రంగులోకి వచ్చేశాయి. నన్ను గుర్తుపట్టి, స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

చెప్పాను. డ్రమ్ము, గొట్టం, సంపు, వాల్వు, అన్నీ. ఆయన క్యాను నిండేదాకా విని, కుళాయి కట్టేసి, మూత బిగించి అప్పుడు మాట్లాడాడు.

“నా చెయ్యి చెడిపోయిందనుకున్నానండీ ఇన్నాళ్ళూ. మా నాన్న నేర్పిన చెయ్యి. మీ మాట విని ఇంట్లోదాన్ని కూడా తిట్టాను, నువ్వే ఏదో తేడాగా కలిపావని.”

క్షమించమన్నాను. ఆయన ఇంకో క్యాను తెచ్చి కుళాయి కింద పెట్టాడు. “నాకు చెప్పారు, బాగానే ఉంది. అక్కడ విన్నవాళ్ళ సంగతేంటండీ?” అన్నాడు.

షావుకారు దగ్గరికి వెళ్ళాను. ఆయన చీరల మధ్యలోంచి తలెత్తి, అంతా విని, “ఆ రోజూ మీరే చెప్పారు, ఈ రోజూ మీరే చెబుతున్నారు. ఏ రోజు మాట నమ్మమంటారండీ?” అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర టెస్టు కిట్టు లేదు. మాట నమ్మొద్దు, వచ్చి కళ్ళతో చూడండి అన్నాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అదే పంపుహౌసు. ఆపరేటరు కబురు పెట్టాడు కాబట్టి జనం ఈసారి ఇంకా ఎక్కువే వచ్చారు. ఉద్యోగం లేని ఇంజనీరు ఏం చేస్తాడోనని. డ్రమ్ము ఇంకా శ్లాబు మీదే ఉంది. గొట్టం చివర సంపులోంచి తీసి, శుభ్రమైన నీళ్ళున్న బకెట్లో పెట్టాను. పంపు ప్లగ్గు అందరికీ కనబడేలా పీకేశాను. వాల్వు విప్పాను. ప్లగ్గు నా చేతిలో ఉంది, మందు బకెట్లో పడుతోంది. తర్వాత రంగుల ఆయన భార్య ముందుకొచ్చి, చీర చెంగులోంచి ఒక చిలప తీసింది. నెమలికంఠం. పాతది, మంచిరోజుల్లోది, దాచుకున్నట్టుంది. బకెట్లో వేసి వెనక్కి పోయి నిలబడింది.

కాసేపటికి తీసి చూస్తే, నెమలి మచ్చలు మచ్చలుగా తెల్లబడింది. షావుకారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. తిరిగొచ్చిన చీరలు ఆయనకి గుర్తుంటాయి, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు చారలు మర్చిపోరు.

వాల్వు తిరిగి బిగించి, నేను చెప్పవలసింది చెప్పాను. బస్సులో వల్లె వేసుకుంటూనే వచ్చాను. తప్పు తొట్లలో లేదు, నేను పెట్టిన పంపులో ఉంది, ఆ రోజు నేను చూసింది పగటి నీళ్ళు, సంగతి తెలిశాక కూడా చెప్పలేదు. చెప్పడమైతే చెప్పాను గాని, ఆ రోజు ఏ దేశం టెక్నాలజీయో వీధి చివరికి వినబడేలా వర్ణించిన గొంతు, ఈసారి గడప దాటి వెళ్ళినట్టు లేదు.

షావుకారు గొంతు సవరించుకుని, రేపు నూలు పంపుతానన్నాడు రంగుల ఆయనతో. తొట్లు లేవుగా అని ఎవరో అన్నారు. తొట్లదేముంది, అవీ నేనే చూస్తాను అన్నాడు షావుకారు.

రంగుల ఆయన అటు చూడను కూడా లేదు. నావైపే చూస్తున్నాడు.

“మీరు ఇందాక అన్నది మా ఆవిడకి వినబడలేదండీ. చివర్న నిలబడింది. కాస్త గట్టిగా, మళ్ళీ మొదటినుంచి చెప్పండి.”

జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆమె అక్కడ, గోడ పక్కన, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె వైపు తిరిగి, మొదటినుంచి మొదలుపెట్టాను.